కొళాయిలన్నీ కట్టేసినా ఆగని పంపు

ప్రశ్న: మాది విజయనగరం, పూల్‌బాగ్ వైపు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, పక్కనే 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉన్నాయి. షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయని మూడేళ్ల కిందట చన్నీళ్ల లైనుకి అర హెచ్‌పీ ప్రెషర్ పంపు పెట్టించాం. కొళాయి తిప్పితే తిరిగేది, కట్టేస్తే ఆగేది. రెండు నెలలుగా ఆగడం మానేసింది. అర్ధరాత్రి అందరం పడుకున్నాక కూడా పైన ఒకటే మోత. ఒక్కోసారి దానంతట అదే ఆగిపోతుంది, పోయిందిలే పీడ అనుకునేలోపు మళ్లీ మొదలు. ప్లంబరు వచ్చి 2,800 తీసుకుని ఆటోమేటిక్ మార్చాడు. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మామూలే. ఇప్పుడు పంపే మార్చాలంటున్నాడు. ఇంకో మాట, దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలీదు: అమ్మాయి పురిటికి వస్తోందని కింది బాత్‌రూం కొత్తగా చేయించాం. ఇంత ఖర్చుపెట్టి చేయిస్తే, సోలార్ నీళ్లు ఇప్పుడు గోరువెచ్చగా కూడా రావడం లేదు. పంపు మార్చమంటారా?

సమాధానం:

వద్దమ్మా. పంపు మార్చకండి. మీ ప్లంబరుని తప్పుపట్టడం లేదు గానీ, మీరు చివర్లో "సంబంధం ఉందో లేదో" అంటూ రాసిన ఆ రెండు వాక్యాల్లోనే జబ్బంతా ఉందని నా అనుమానం. పంపు ఆగకపోవడం, సోలార్ నీళ్లు చల్లబడిపోవడం మీకు రెండు గొడవల్లా కనిపిస్తున్నాయి. నాకు ఒకటే కనిపిస్తోంది.

ముందు ఆ ఆటోమేటిక్ ఏం చేస్తుందో చూద్దాం. పంపు నెత్తిమీద చిన్న డబ్బా, దానికి రెండు మూడు రంగుల లైట్లు, ఒక రీసెట్ బటన్ ఉంటాయి కదా, అదే. దానికి తెలిసినవి రెండే సంగతులు. లైనులో ఒత్తిడి పడిపోతే "ఎవరో కొళాయి తిప్పారు" అనుకుని పంపుని లేపుతుంది. నీళ్లు కదలడం ఆగిపోతే కొన్ని సెకన్లు చూసి పడుకోబెడుతుంది. నీళ్లు కదులుతున్నంతసేపూ మాత్రం ఆపదు, ఆపకూడదు కూడా. కాబట్టి మీ పంపు రాత్రి పన్నెండింటికి తిరుగుతోందంటే, ఆ డబ్బా చెడిపోయిందన్నా అనుకోవాలి, లేదా రాత్రి పన్నెండింటికి మీ ఇంట్లో నిజంగానే ఎక్కడికో నీళ్లు పోతున్నాయన్నా అనుకోవాలి. డబ్బా కొత్తది వేశారు, అయినా ఆగలేదు. ఇక మిగిలిందేమిటో చూడండి.

ఈ రెంటినీ విడదీయడానికి రూపాయి ఖర్చు లేదు. డాబా మీదికెళ్లి, పంపు తిరుగుతున్నప్పుడే, దాన్నుంచి ఇంట్లోకి దిగే పైపుకున్న బాల్ వాల్వ్ కట్టేయండి. ఆటోమేటిక్ దాటాక ఉండే వాల్వ్ సుమా, ట్యాంకు నుంచి పంపులోకి వచ్చేది కాదు. అది కడితే పంపు ఎండి తిరుగుతుంది, సీలు కాలిపోతుంది. సరైన వాల్వ్ కట్టాక అరనిమిషంలోగా పంపు ఆగిపోయిందా, పంపూ బాగుంది, ఆటోమేటిక్కూ బాగుంది, నీళ్లు ఇంట్లో ఎక్కడో పోతున్నాయి. ఆగలేదా, జబ్బు పైనే ఉంది. ఆగకపోతే రెండు నిమిషాలకి మించి అలా ఉంచకుండా స్విచ్చి తీసేయండి. కదలని నీళ్లలో తిరిగే పంపు ఆ నీళ్లనే కాచేస్తుంది.

మీ ఇంట్లో ఆగుతుందనే పందెం కాస్తాను. ఎందుకో చెప్పాలంటే మా అక్క ఇంటి సంగతి చెప్పాలి.

శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఉంటుంది వాళ్లిల్లు. నేను ముప్పయ్యేళ్లు పంపులూ స్టార్టర్లూ బాగుచేసుకుని బతికినవాణ్ణి, సొంత అక్క ఇంట్లో పంపు ఆగకపోతే ఎంత నామోషీ! రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆటోమేటిక్ విప్పి, తుడిచి, బిగించి వచ్చాను. మీ ప్లంబరులాగే. రెండోసారి ఏమీ తోచక, చీకటిపడ్డాక టార్చిలైటు పట్టుకుని డాబా ఎక్కాను. పంపు తిరుగుతోంది. దాని పక్కన కూర్చుని చెవి ఒగ్గితే, పంపు మోత కింద ఇంకో చప్పుడు వినబడింది, టపటపమని, ఎవరో తీరిగ్గా చెంబుతో నీళ్లు పోస్తున్నట్టు. వెతుక్కుంటూ పోతే సోలార్ ట్యాంకు మీద నిలబడి పైన వంకీ తిరిగి ఉండే సన్నటి గొట్టం, దాని మూతిలోంచి నీళ్లు. కింద సిమెంటు మీద నల్లగా పాచి. ఆ పాచిలో ఒక తులసి కుండీ, ఏపుగా, ఇంతెత్తున.

కిందికొచ్చి అడిగితే అక్క ఏమందో తెలుసా? "అక్కడెప్పుడూ నీళ్లు పడతన్నాయి కదరా, ఊరికే పోతన్నాయని తులసి కుండీ అక్కడెట్టీసినాను." రెండు నెలలుగా తులసికి తెలిసిన సంగతి నాకు తెలీలేదు.

ఆ వంకీ గొట్టాన్ని ఎయిర్ వెంట్ అంటారు. మన ఇళ్ల మీదుండే మామూలు సోలార్ హీటర్లలో చాలావాటికి అది ముక్కులాంటిది. నీళ్లు వేడెక్కి పొంగినప్పుడు గాలీ ఆవిరీ అందులోంచి బయటికి పోతాయి, నీళ్లు వాడుకున్నప్పుడు గాలి లోపలికి వస్తుంది. ఆ ట్యాంకు పల్చటి రేకుతో చేసింది, ఒత్తిడికి తట్టుకునేది కాదు. ఎత్తు మీదున్న ట్యాంకు నుంచి నీళ్లు వాటంతట అవి దిగేలా పెట్టుకున్న ఏర్పాటు అది. ఇప్పుడు దాని మూతిలోంచి నీళ్లు పోతున్నాయంటే, కింద నుంచి ఎవరో బలవంతంగా దాంట్లోకి నీళ్లు తోస్తున్నట్టు. ఎవరు తోస్తారు? ఇంట్లో అంత బలమున్నది ఒక్కటే, మీ ప్రెషర్ పంపు.

"పంపు చన్నీళ్ల లైనుకి కదా పెట్టించాం" అంటారు మీరు. నిజమే. కానీ చన్నీళ్లూ వేణ్నీళ్లూ కలిసే చోటు ఒకటుంది, కొత్త బాత్‌రూంలో గోడకి బిగించిన మిక్సర్. ఎడమవైపు నాబ్ వేడి, కుడివైపు నాబ్ చల్లన, మధ్యలో రెండూ కలిసే గది, దాన్నుంచి హ్యాండ్ షవర్ గొట్టం. ఈమధ్య వచ్చే హ్యాండ్ షవర్లకి పిడి దగ్గరే నొక్కుడు బటన్ ఉంటోంది. మీరు కొత్తగా చేయించిన బాత్‌రూంలో అలాంటిదే పెట్టి ఉంటారు.

ఇక అమ్మాయి పురిటికి వచ్చిందన్నారు కాబట్టి, ఈపాటికి ఇంట్లో బాలింత, పసిబిడ్డ ఉండి ఉంటారు. రోజూ వేణ్నీళ్ల స్నానం. బిడ్డకి నీళ్లు పోసే ఆవిడో, మీ అమ్మాయో రెండు నాబ్‌లూ తిప్పి, చేతి మీద పోసుకుని చూసి, కాస్త ఇటు కాస్త అటు సర్ది, ఒక వెచ్చదనం కుదుర్చుకుంటారు. అంత కష్టపడి కుదిరాక ఎవరు కట్టేస్తారు? పిడి దగ్గర బటన్ నొక్కి వదిలేస్తారు. చుక్క కారదు. చూసేవాళ్లకి కొళాయి కట్టేసినట్టే. కానీ నాబ్‌లు రెండూ తెరిచే ఉన్నాయి, మధ్య గదిలో చన్నీళ్లూ వేణ్నీళ్లూ ముఖాముఖి నిలబడి ఉన్నాయి.

డాబా మీది నీళ్లు కింది బాత్‌రూంకి ఆరేడు మీటర్ల ఎత్తు నుంచి దిగుతాయి. పది మీటర్ల ఎత్తు అంటే ఒక బార్ ఒత్తిడి. అంటే సోలార్ నుంచి వచ్చే వేణ్నీళ్ల వైపు ఉన్నది ఓ అర బార్ పైచిలుకు. చన్నీళ్ల వైపు అదే అర బార్ ఉండి, దాని మీద పంపు ఇచ్చేది ఇంకో రెండు బార్ల దాకా. రెండు బార్లంటే ఇరవై మీటర్ల ఎత్తుకి నీళ్లని ఎక్కించే బలం. ఈ రెండూ ఒక గదిలో కలిస్తే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా? చన్నీళ్లు మిక్సర్ మధ్యలోంచి వేణ్నీళ్ల పైపులోకి దూరి, ఆ పైపు గుండా వెనక్కి ఎక్కి, సోలార్ ట్యాంకు నిండి, వెంట్ లోంచి డాబా మీద పడి, వర్షపు నీళ్ల గొట్టంలోంచి పెరట్లోకి పోతాయి. నీళ్లు కదులుతూనే ఉన్నాయి కాబట్టి ఆటోమేటిక్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. పగలంతా ఎండకి కాగిన నీళ్లేమో రాత్రికి రాత్రి డాబా పాలు. తెల్లారి మీకు దక్కేవి మామూలు ట్యాంకు చన్నీళ్లే.

మీరు రాసిన మిగతావీ దీంట్లోకి సరిగ్గా వచ్చి కూర్చుంటాయి. ఒక్కోసారి దానంతట అదే ఆగుతోందన్నారు, అంటే ఇంట్లో ఎవరికో నాబ్‌లు కట్టేసే అలవాటుంది. ప్లంబరు వచ్చి వెళ్లాక రెండు రోజులు బాగుందన్నారు, అంటే అతను పనికోసం కొళాయిలన్నీ కట్టించాడు, మూడో రోజు పసిబిడ్డ స్నానానికి ఎవరో మళ్లీ వెచ్చదనం కుదుర్చుకున్నారు.

రుజువు చేసుకోవడం తేలిక. పంపు తిరుగుతుండగా ఆ మిక్సర్ వేణ్నీళ్ల నాబ్ ఒక్కటే కట్టేయండి. నాలుగు లెక్కపెట్టేలోపో, పది లెక్కపెట్టేలోపో పైన మోత ఆగాలి. మళ్లీ తిప్పితే మళ్లీ రావాలి. అప్పుడు సోలార్ నుంచి దిగే పైపు మీద చెయ్యి వేసి చూడండి, చల్లగా ఉంటుంది. ఆగకపోతే పైవాళ్ల బాత్‌రూంలోనూ మిక్సర్ ఉందేమో అడగండి. అద్దెకున్నవాళ్లని అనుమానిస్తున్నట్టు కాకుండా, "అమ్మా, ఒక్కసారి మీ షవర్ నాబ్‌లు కట్టేస్తారా, పంపు చూసుకోవాలి" అంటే సరిపోతుంది. కమోడ్ పక్కనుండే చేతి స్ప్రేకి (హెల్త్ ఫాసెట్) కూడా వేణ్నీళ్లు కలిపి పెట్టించుకునే ఇళ్లున్నాయి, అక్కడా ఇదే తంతు. ఒకే పిడి పైకీ కిందికీ, పక్కలకీ తిరిగే మిక్సర్ అయితే, లోపల నీళ్లని కలిపి ఆపే కార్ట్రిడ్జ్ అనే ముక్క అరిగిపోయి, కట్టేసినా రెండు నీళ్లూ కలుస్తుంటాయి. అప్పుడు కార్ట్రిడ్జ్ మార్చాలి.

ఇక మందు. ఈపూటకి మందు నాబ్‌లు కట్టేయడమే. బాత్‌రూం గోడ మీద ఒక కాగితం అంటించండి, బిడ్డకి నీళ్లు పోసే ఆవిడకి మాత్రం నోటితో చెప్పండి. కానీ ఇల్లంతా ఒక నాబ్ మీద ఆధారపడటం నాకు నచ్చదు. సోలార్ నుంచి దిగే వేణ్నీళ్ల పైపు మీద, మొదటి బాత్‌రూంకి చీలే ముందు, ఒక ఎన్నార్వీ పెట్టించండి, నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వ్. ఇత్తడిదే తెమ్మనండి, ప్లాస్టిక్‌ది వేడికి నిలవదు. దాని మీద బాణం గుర్తుంటుంది, అది కిందికి, ఇంటివైపు చూడాలి. తిరగేసి పెట్టి "సోలార్ పనిచేయట్లేదు" అని ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు.

ఎన్నార్వీతో పంపు ఆగుతుంది, వేణ్నీళ్లు దొంగచాటుగా పోవు. అయితే మిక్సర్‌లో రెండు ఒత్తిళ్ల పేచీ తీరదు. రెండు నాబ్‌లూ తెరిస్తే చన్నీళ్లే దూసుకొస్తాయి, వేణ్నీళ్లకి దారివ్వవు. ఇప్పటికీ మీకు అదే జరుగుతూ ఉండాలి, చన్నీళ్ల నాబ్ కొంచెం తిప్పితే చాలు ఒళ్లు జిల్లుమనడం. దానికి తేలికపాటి ఉపాయం, ఆ బాత్‌రూంకి వెళ్లే చన్నీళ్ల పైపు మీద ఒత్తిడి తగ్గించే వాల్వ్ ఒకటి పెట్టడం. లేదా ఆ ఒక్క బాత్‌రూం చన్నీళ్లని పంపు దాటించి, నేరుగా ట్యాంకు నుంచి దించడం. షవర్ జోరు తగ్గుతుంది. బాలింతకి జోరు కంటే వెచ్చదనం ముఖ్యం కదా, కొన్నాళ్లు అలా గడవనివ్వండి. వేణ్నీళ్ల లైనుకి వేరే పంపు పెట్టించుకోవచ్చు గానీ, అది వేడికి తట్టుకునే రకమే కావాలి. మంచి ఎండల్లో సోలార్ నీళ్లు 60, 70 డిగ్రీలు దాటుతాయి, మామూలు పంపు సీలు ఏడాది తిరక్కుండా పోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎవరైనా వచ్చి, "వెంట్ లోంచి నీళ్లు పోతన్నాయి, దానికి మూత బిగించేద్దాం" అంటే చస్తే ఒప్పుకోకండి. నీళ్లు ఆగుతాయి, పంపూ ఆగుతుంది, రెండు రోజులు అందరికీ సంతోషంగా ఉంటుంది. కానీ పంపు ఒత్తిడంతా ఆ పల్చటి ట్యాంకు మీద పడుతుంది, ఉబ్బి అతుకు విచ్చుకోవచ్చు. పంపు ఆగి ఉన్నప్పుడు వేణ్నీళ్లు వాడితే గాలి లోపలికి రాక, ట్యాంకు లోపలికి పీల్చుకుని సొట్టబోవచ్చు. రెంటిలో ఏది జరిగినా ట్యాంకు మార్చాల్సిందే. అలాగే, బాత్‌రూం పని చేసినప్పుడు సోలార్‌లోకి వెళ్లే చన్నీళ్ల పైపుని పొరపాటున పంపు తర్వాత కలిపేశారేమో కూడా చూడండి. అది ట్యాంకు నుంచి నేరుగా రావాలి. పంపు దాటాక కలిపి ఉంటే ఏ నాబ్ కట్టినా వెంట్ లోంచి నీళ్లు పోతూనే ఉంటాయి.

వాల్వ్ కట్టి చూస్తే పంపు ఆగింది, మిక్సర్లన్నీ కట్టేసినా మళ్లీ తిరుగుతోంది, వెంట్ పొడిగా ఉంది, అంటే అనుమానం కమోడ్ ఫ్లష్ ట్యాంకు మీదికి వెళ్తుంది. లోపలి ఫ్లోట్ వాల్వ్ పోయి, నిండాక కూడా పారే నీళ్లు లోపలి గొట్టంలోంచి కమోడ్‌లోకి చప్పుడు లేకుండా జారిపోతాయి. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, చెంచాడు పసుపు కలిపిన నీళ్లు పోసి, అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కొద్దనండి. కమోడ్‌లో పసుపు కనబడితే దొంగ దొరికినట్టే. సన్నగా కారుతుంటే పంపు ఆగి ఆగి తిరుగుతుంది, ధారగా పోతుంటేనే ఆగకుండా తిరుగుతుంది. మీది ఆగకుండా తిరుగుతోంది కాబట్టే నేను ముందు మిక్సర్‌ని పట్టుకున్నాను.

నా పందెం ఓడి, వాల్వ్ కట్టినా పంపు ఆగకపోతే, అప్పుడు పైన చూడాలి. అలాంటప్పుడు సాధారణంగా ఆటోమేటిక్ లోపల నీటితోపాటు పైకీ కిందికీ ఆడే బిళ్లకి తుప్పు రవ్వలు పట్టి ఇరుక్కుపోతుంది. దాంట్లో అయస్కాంతం ఉంటుంది, పాత ఇనుప పైపుల తుప్పంతా వచ్చి దానికి అంటుకుంటుంది. గేజీ, పక్కన గుండ్రటి ట్యాంకు ఉన్న ప్రెషర్ స్విచ్చి రకమైతే, ఆపాల్సిన ఒత్తిడి పంపు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువకి బిగించి ఉండొచ్చు. పంపు 2 బార్ల దగ్గరే నిలిచిపోతుంటే, స్విచ్చి 2.5 కోసం తెల్లవార్లూ ఎదురుచూస్తుంది. పంపు అరిగినా, సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినా ఇదే జరుగుతుంది. మన వైపు ఇంకో బాధ చీమలు. స్విచ్చి డబ్బాలో చేరి, కాంటాక్టుల మధ్య నలిగి, నిప్పురవ్వలు లేచి, చివరికి కాంటాక్టులు అతుక్కుపోయి కూర్చుంటాయి. ఆ డబ్బా విప్పాలంటే ముందు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించండి. తడి డాబా మీద చెప్పుల్లేకుండా విప్పొద్దని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

కరెంటు సంగతి మీరు అడగలేదు గానీ, ఇంటాయన అడుగుతారు. అర హెచ్‌పీ పంపు తిరిగేటప్పుడు సుమారు అర కిలోవాటు లాగుతుంది. రోజంతా తిరిగితే 12 యూనిట్లు, నెలకి 360. పైన పోయిన నీళ్లని మళ్లీ నింపడానికి కింద బోరు మోటారు తిరిగేది వేరే. కొత్త పంపు వేసినా ఈ లెక్క మారదు. ఇంకా ఒత్తిడి ఎక్కువున్న కొత్త పంపైతే వెంట్ లోంచి ఇంకాస్త జోరుగా పోతాయి, అంతే.

ఇంతకీ ఆ ప్లంబరు విప్పి తీసిన పాత ఆటోమేటిక్ ఎక్కడుంది? అది బాగానే ఉండి ఉంటుంది. అతని సంచిలోకి వెళ్లిపోయి ఉంటే అడిగి తెప్పించుకోండి. మీ డబ్బుతో కొన్నదే కదా, అటక మీద పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది.